తోడుప్పు జాడీ

ఎడమ మడమ మోపి, దాన్ని ఆనించి కుడి మడమ మోపి, ఓబయ్య తూర్పు గట్టు నుంచి పడమటి గట్టుకు పోతున్నాడు. దాన్ని నడక అనడానికి లేదు. గంట నుంచీ పోతున్నా ఇంకా నడి కయ్యలోనే ఉన్నాడు. ఉప్పు కయ్యను తొక్కడమంటే అంతే, అడుగుకూ అడుగుకూ మధ్య వేలెడు సందు కూడా వదలకూడదు. బంకమట్టి గచ్చులాగా బిగిస్తేనే దాని మీద ఉప్పు తెల్లగా లేస్తుంది. ఎక్కడైనా మెత్తగా వదిలేస్తే ఉప్పుతో పాటు మన్నూ లేస్తుంది, కొనేవాడు మొహం అటు తిప్పుకుంటాడు.

బోగోలు దగ్గర హైవే దిగి తూర్పుగా వస్తే, వరి పొలాలు అయిపోయి, కాలువ దాటి, తాటిచెట్లు పలచబడిన చోట ఈ ఉప్పు కయ్యలు మొదలవుతాయి. ఇసుక దిబ్బలకు అవతల సముద్రం. కనిపించదు, వినిపిస్తుంది. నీళ్లు నిలిచిన కయ్యల నిండా ఆకాశం పడి ఉంటుంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు పైనేదో కిందేదో కాసేపు అంతుపట్టదు. గట్టు మీద పోయే మనిషి మబ్బుల మీద పోతున్నట్టు ఉంటాడు. ఓబయ్య పదిహేనో ఏట ఈ మబ్బుల్లోకి దిగాడు. ఇప్పుడాయనకు అరవై అయిదు.

మనిషి సన్నం. మోకాళ్ల పైకి ఎగ్గట్టిన లుంగీ, తలకు తువ్వాలు. మడమల పగుళ్లలో చేరిన ఉప్పు ఆరినప్పుడు ముగ్గుగీతల్లాగా తేలుతుంది. తెల్లటి ఎండకు కళ్లు చికిలించీ చికిలించీ, ఎప్పుడూ నవ్వబోతున్నట్టు కనిపిస్తాడు. నిజానికి ఆయన పెద్దగా నవ్విందీ లేదు, ఏడ్చిందీ లేదు. ఊళ్లో ఎవరి పెళ్లి ఫొటోలు చూసినా వెనక వరసలో సగం మొహంతో ఓబయ్య ఉంటాడు. మిగతా సగం ఎవరి భుజం వెనకో ఉండిపోతుంది. దాని గురించి ఆయన ఏనాడూ బాధపడలేదు.

అలాంటి ఓబయ్యకు ఊళ్లో ఒక్క గొప్ప ఉంది. అది జాడీ.

పాలు తోడుకోవాలంటే నిన్నటి పెరుగు చుక్క ఎలా కావాలో, కొత్త కయ్య ఉప్పుకు తిరగాలంటే నిరుటి ఉప్పు అలా కావాలంటారు ఇక్కడివాళ్లు. నీళ్లు చిక్కబడి, ఇక గింజ కడుతుందనగా, కయ్యలో నిలబడి వడ్లు చల్లినట్టు పాత ఉప్పు చల్లుతారు. తోడుప్పు అంటారు దాన్ని. చల్లాక జాడీ ఖాళీ. కర్రకు బిగించిన పలకతో ఉప్పును మొదటిసారి గట్టుకు లాగినప్పుడు, ఆ కొత్త ఉప్పుతో మళ్లీ నింపి మూతి కడతారు. అంటే ఈ ఏటి ఉప్పులో పోయినేటిది, పోయినేటి దానిలో అంతకు ముందటిది ఉన్నట్టే లెక్క. మిగతావాళ్లు ఈ తంతును గోతంలో మిగిలిన ఉప్పుతో కానిచ్చేస్తారు. ఓబయ్య ఇంట్లో మాత్రం దానికో జాడీ. పైసగం గోధుమరంగు, కిందిసగం తెలుపు, మూత అంచు కాస్త పెట్లింది. తెల్లదొరల కాలంలో, ఉప్పు చేసినవాణ్ణి పట్టుకుని ఉప్పంతా బురదలో తొక్కించిన రోజుల్లో, ఓబయ్య తాత పంచె మడతలో దాచి తెచ్చిన గుప్పెడు ఉప్పు దానికి మొదలని అందరూ చెప్పుకుంటారు. మంత్రసాని బొడ్డు కోసిన దగ్గర నుంచీ ఓబయ్య కూడా వింటున్నాడు. ఇప్పుడు దాన్ని నూరేళ్ల ఉప్పు అంటారు.

ఆ నూరేళ్ల ఉప్పును ఈరోజు ఆయన కూతురు ఉష చేతికి ఇవ్వాలి. పోయిన నెల నుంచీ గుండెల్లో ఏదో బండ పెట్టినట్టుంటోంది. నాలుగు బుట్టలు ఎత్తేసరికి ఆయాసం. ఇక కయ్యలు నువ్వే చూసుకో అన్నాడు. ఉష సరే అంది. ఆమె మొగుడు లారీ తోలతాడు, ఆమె పెళ్లయిననాటి నుంచీ ఈ ఊళ్లోనే ఉండి తండ్రి పక్కనే పలక లాగుతోంది. ముప్పై ఆరేళ్ల మనిషి, తండ్రికంటే నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడుతుంది. కావలిలో సహజమైన సరుకులని చెప్పి పప్పులూ బెల్లమూ అమ్మే పెంచలకృష్ణ ఆమధ్య ఉప్పు కోసం వచ్చినప్పుడు, ఈ జాడీ కథంతా ఆమే చెప్పింది. అతను పొంగిపోయాడు. తన ఉప్పు పాకెట్ల మీద ఆ జాడీ బొమ్మ వేస్తానన్నాడు. ఈరోజు నాలుగింటికి వచ్చి, ఉష తోడుప్పు చల్లుతుంటే ఫోనులో వీడియో తీసుకుంటానన్నాడు. నూరేళ్ల ఉప్పు, నాలుగు తరాల ఉప్పు అని ఆమె తన నోటితో చెప్పాలట.

ఆ జాడీలో ఉన్నది నూరేళ్ల ఉప్పు కాదని ఓబయ్య ఒక్కడికే తెలుసు. దాని మొదలు కావలి రైలుగేటు దగ్గర కొట్లో కొన్న పాకెట్టుప్పు.

పదేళ్ల కిందట కార్తీకంలో పట్టిన వాన గుర్తుందా అంటే ఊళ్లో ఎవరైనా చెయ్యి మోకాలి మీద పెట్టి చూపిస్తారు. ఇళ్లలో అంత లోతు నీళ్లు. కయ్యలు, గట్లు, తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు అన్నీ కరిగి కాలువలో కలిసిపోయాయి. నీళ్లు తీశాక ఓబయ్య జాడీ మూత తీసి చూస్తే లోపల మురికినీళ్లున్నాయి. పెళ్లాం మహాలక్ష్మి పెరట్లో చాపలు ఆరేస్తోంది. ఆయన ఆ నీళ్లు పారబోసి, మూత పెట్టి, గుడ్డ కట్టేశాడు. ఊరంతా వెతికినా గింజ ఉప్పు లేదు. మర్నాడు పని ఉందని చెప్పి కావలి పోయాడు. కల్లు తాగడానికి పోయినవాడు కూడా అంత దాక్కుంటూ పోడు. కొట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరూ లేనప్పుడు పాకెట్టు అడిగాడు. కొట్టాయన ఈయన చేతులకేసి చూసి, ఏం పెద్దాయనా, ఉప్పు మీ ఊరి నుంచే కదా వచ్చేది అన్నాడు. ఓబయ్య దాన్ని మందుల కవరులో దోపుకుని బస్సెక్కాడు. ఆ ఉప్పు మరీ పిండిలాగా ఉంది. నీళ్లు చిలకరించి, మిద్దె మీద ఆరబెట్టి, ఉండలు కట్టించి జాడీలో పోశాడు. ఆ వేసవి ఉప్పు ఎన్నడూ లేనంత బాగా పండింది. అది మరీ సిగ్గేసింది ఆయనకు.

మహాలక్ష్మికి చెప్పలేదు. ఆమె ఆ జాడీకి శుక్రవారం శుక్రవారం పసుపు రాసేది. మూడేళ్ల కిందట జబ్బుపడి ఏదీ నోటికి పోనప్పుడు, జాడీలోది చిటికెడు గంజిలో వెయ్యమంది. వేశాడు. రెండు గుటకలు మింగి, ఉప్పంటే ఇదయ్యా అంది. ఆ మాటకు ఆయన పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆమె వారానికి పోయింది.

పడమటి గట్టు వచ్చింది. ఓబయ్య నిలబడి ఊపిరి తీసుకున్నాడు. తొక్కుడు అయిపోయింది. పై కయ్యలో నీళ్లు ఇరవై రోజులుగా కయ్య నుంచి కయ్యకు మారుతూ ఎండతాగి చిక్కబడ్డాయి. వాటి రంగు లేత గులాబీకి తిరిగింది. అంచుల్లో నురగ కట్టి గాలికి వణుకుతోంది. వేలు ముంచి మణికట్టు వెనక రాసుకుని, ఆరేదాకా చూశాడు. తెల్లగా పొక్కు లేచింది. చాలు. పారతో మట్టికట్ట కొట్టగానే నీళ్లు తొందరేమీ లేకుండా, నిద్రలో నడిచినట్టు కొత్త కయ్యలోకి వచ్చాయి. ఓబయ్య తొక్కిన అడుగుల గుర్తులన్నీ ఒక్కొక్కటీ నిండి, వాటి మీద ఆకాశం పరుచుకుంది. రెండు కొంగలు వచ్చి చూసి, తమకేమీ లేదని తెలిసి వెళ్లిపోయాయి.

ఈ నీళ్ల ముందు కూర్చున్నప్పుడల్లా ఆయనకు ఒక మత్తులాంటిది కమ్ముతుంది. ఇక్కడి నుంచి పోయిన ఉప్పు ఏ ఏ వంటింట్లో ఉందో అనుకుంటాడు. ఆవకాయ జాడీల్లో, బాలింత పథ్యాల్లో, దిష్టి తీసి పొయ్యిలో వేసే పిడికిళ్లలో. తనను ఎరగని ఇళ్లన్నిటిలో తను ఉన్నట్టు. అది గర్వం కాదు. ఒట్టి ఊహ, బాగుంటుంది.

పన్నెండింటికి గట్టు పక్క పాకలో అంకాలమ్మ గోతాలు కుడుతోంది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, చూపు ఆనదు, అయినా దబ్బనం తడబడదు. పక్క చేపలవాళ్ల పాలెంలో పుట్టింది, పెళ్లయి ఈ ఊరొచ్చి ఉప్పు బుట్టలు మోసింది. నలభై ఏళ్లు ఓబయ్య పలక లాగితే ఈమె ఎత్తుకుపోయింది. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నదంతా పోగేస్తే ఒక పూటకు సరిపోదు. ఉష అన్నం తేవడానికి ఇంటికి పోయింది. జాడీ పాక నిట్టాడికి ఆనించి ఉంది. బయట ఎండకు దూరపు గట్లు నేల వదిలి గాల్లో తేలుతున్నాయి.

ఓబయ్య ఎదురుగా కూర్చుని జాడీని చూస్తూ, మొదలు పెట్టి, మొత్తం చెప్పేశాడు. వాన, మురికినీళ్లు, రైలుగేటు, మందుల కవరు, మహాలక్ష్మి గంజి. ఇంత మాట ఒక్కసారి ఆయన నోట్లో నుంచి ఎన్నడూ రాలేదు. అంకాలమ్మ కుట్టడం ఆపలేదు.

"బిడ్డకు ఇప్పుడు అబద్ధాన్ని చేతికిచ్చినట్టే కదా అక్కా," అన్నాడు చివరికి.

ఆమె దారం పళ్లతో తెంపింది. "డెబ్బై ఏడులో పెద్ద గాలివాన వచ్చిందే, నువ్వప్పుడు యాడుండావు?"

మేనమామ ఇంట్లో ఉన్నానన్నాడు. పిల్లలందర్నీ మెట్టకు పంపేస్తూ, తోడుగా తననీ పంపారు.

"నేను పాలెంలోనే ఉండా. వాన తెరిపిచ్చిన నాలుగోనాడు దీపాలేళకు మీ నాయన మా వాకిట్లోకి వచ్చినాడు. పొద్దుగూకినాక దాని పేరెత్తగూడదు గదా, కాస్త రుచి ఉంటే పెట్టమ్మా అని మా అమ్మనడిగినాడు. అటక మీద చేపలకు దాచింది ఉంటే సోలెడు తెచ్చి గడప మీద పెట్టింది. చేతికియ్యలా. ఆయన తువ్వాల్లో పోసుకుని పోతా పోతా, ఎవురికీ చెప్పబాక తల్లీ అన్నాడు. ఆ జాడీ కోసరమే. అదీ ఆ ఏడు కరిగింది."

నాయన, అంత నిక్కచ్చి మనిషి, తువ్వాల్లో చేపల ఉప్పు మూటకట్టుకుని గట్ల మీద దాక్కుంటూ పోవడం ఓబయ్య కళ్లకు కట్టింది. నవ్వు రావాల్సిన చోట కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే నూరేళ్లు యాడుండాయి అక్కా?"

"తొందరెందుకు, వినరాదూ. మా అమ్మకు ఆ ఉప్పు యాడిది? అంతకు ముందు ఎండల్లో మీ నాయన దగ్గర తెచ్చుకున్నదే. గోతం ఉప్పుకు తట్టెడు ఎండుచేపలు, అదీ మా బేరం. మీ కయ్యలో ఉప్పే మా అటకెక్కి, మళ్లా మీ జాడీలోకి వచ్చింది." కొత్త గోతం ఒళ్లోకి లాక్కుంది. "నీ పాకెట్టుప్పు మటుకు యాడ పుట్టిందో నీకు తెలుసునా? మన లారీలు యాడికి పోతుండాయో ఎవురికి తెలుసు."

అంతే, ఆమె మళ్లీ పనిలో పడింది. ఓబయ్య గుండెల మీది బండ పోలేదు గానీ, దాని మీద కూర్చున్నదెవరో లేచి వెళ్లినట్టయింది.

ఉష అన్నం గిన్నెతో వచ్చింది. చింతచిగురు పప్పు, ఎండు రొయ్యలు. ఆయన తినకుండా ముందు చెప్పాడు, అంకాలమ్మకు చెప్పినదంతా, అంకాలమ్మ చెప్పిందీ కలిపి. ఈసారి పొట్టిగా చెప్పాడు. ఉష గరిటె పట్టుకునే వింది. ఆమె మొహం మాడిపోయింది. పెంచలకృష్ణకు ఎన్నిసార్లు, ఎంత గొప్పగా చెప్పుకుందో గుర్తొచ్చి ఉంటుంది. కానీ ఆమె అడిగింది అది కాదు.

"అమ్మకు గంజిలో వేసింది, అదేనా నాయనా?"

"అదే."

"బాగుండాదనిందా?"

"అనింది. ఉప్పంటే ఇదనింది."

ఉష తల తిప్పుకుంది. పైట కొంగుతో మొహం తుడుచుకుని, తండ్రి పళ్లెంలో పప్పు వడ్డించి, పాక బయటికి వెళ్లి ఫోను చేసింది. లోపలికి వినిపిస్తూనే ఉంది. ఉప్పు ఎంత కావాలన్నా తీసుకుపోవచ్చునని, వీడియోకు మాత్రం రావద్దని చెప్పింది. అవతల పెంచలకృష్ణ ఎందుకని అడిగినట్టున్నాడు.

"ఆ జాడీ మా ఒక్కరిదే కాదంట అన్నా. బొమ్మ వెయ్యబాక," అని పెట్టేసింది.

మూడున్నరకు గాలి తూర్పుకు తిరిగింది. ఉష చీర ఎగదోపుకుని కయ్యలో దిగి, సముద్రం వైపు తిరిగి నిలబడింది. ఓబయ్య గట్టు మీద కూర్చుని, పాదాలు రెండూ నీళ్లలో పెట్టుకుని, జాడీ గుడ్డ విప్పాడు. చేతికియ్యకూడదు కాబట్టి గట్టు మీద పెట్టాడు. ఆమె వంగి తీసుకుంది. పిడికిలి నిండా తీసి, చెయ్యి చాచి, అర్ధచంద్రంగా చల్లింది. నీళ్ల మీద సన్నగా జల్లు పడ్డట్టు చప్పుడైంది. జాడీ బోర్లించి అడుగు తట్టింది. తర్వాత ఖాళీ జాడీని గట్టు మీద, మూత పక్కన పెట్టి, పై కయ్య మట్టికట్ట సరిచేయడానికి పార తీసుకుపోయింది.

ఓబయ్య చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి నీటి పైన మొదటి గింజ కట్టింది, నువ్వుగింజంత, నలుచదరంగా. దాని పక్కన ఇంకోటి. అవి తేలుతూ ఒకదాన్ని ఒకటి వెతుక్కుని, బరువై, మెల్లగా మునుగుతున్నాయి. యాభైసార్లు చూసిందే. అయినా ఈసారి వాటిని లెక్కపెట్టాలనిపించలేదు, తొందర చెయ్యాలనిపించలేదు. నాయన తువ్వాలు మూటతో ఆ గట్టు మలుపు తిరుగుతున్నాడు. వాకిట్లో మహాలక్ష్మి చేతికి పసుపు అంటి ఉంది. చెప్పేశానే అన్నాడు ఆమెతో. మునిగినా మబ్బులే, తేలినా మబ్బులే. ఎండ చల్లబడింది. పాదాల చుట్టూ నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

ఉష పని ముగించుకుని ఫ్లాస్కులో టీ తెచ్చేసరికి పొద్దు తాటిచెట్ల వెనక్కి దిగింది. తండ్రి గడ్డం ఎదకు ఆనించి కూర్చుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని, టీ గ్లాసులో పోసి, నాయనా అంది. రెండోసారి అనలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి, ఆయన పక్కనే కూర్చుంది. అంకాలమ్మ వచ్చేదాకా అలాగే కూర్చుని ఉంది. నలుగురూ వచ్చి ఆయన్ని లేవనెత్తినప్పుడు, రెండు చీలమండల చుట్టూ దారమంత ఉప్పు కట్టి ఉంది. ఎవరూ దాన్ని తుడవలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఉష కయ్యలకు వచ్చింది. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు పైనుంచి నీళ్లు అందిస్తూ వచ్చారు కాబట్టి కయ్య ఎండిపోలేదు. అడుగున ఉప్పు మందంగా, తెల్లగా, మన్నంటకుండా పరుచుకుని ఉంది. తండ్రి తొక్కిన కయ్య కదా. మొదటి పలక లాగితే వచ్చే ఉప్పు జాడీలో పోయాలి. అప్పుడు గుర్తొచ్చింది, జాడీ ఆరోజు గట్టు మీదే ఉండిపోయిందని.

ఉండిపోయిన చోటే ఉంది. మూత పెట్టి, దాని మీద గుడ్డ వేసి, గోతాలు కుట్టే దారంతో కట్టి ఉంది. తను కట్టలేదు. విప్పి చూస్తే అంచుదాకా నిండి ఉంది. ఈ గట్ల మీద పోయేవాళ్లు తలా ఒక పిడికెడు, ఎవరి కయ్యది వాళ్లు, ఖాళీగా ఉంచకూడదని వేసి పోయారు. ఒకరిది బూడిదరంగు, ఒకరిది పెద్ద గింజ, ఒకరిది లేత గులాబీ. వరసలు వరసలుగా కనిపిస్తోంది. ఉష వంగి ఇంకా దగ్గరగా చూసింది. అన్నిటికన్నా పైన, జాడీ మూతి దగ్గర, ఒక్క చిటికెడు మాత్రం పిండిలాగా మెత్తగా, కొట్లో ఉప్పులాగా, తళతళలాడుతోంది.